స్కెచ్ బుక్ లాక్కోకండి: జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు ఒక ఆర్కిటెక్ట్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, డీన్లకు, మరీ ముఖ్యంగా హాస్టల్ వార్డెన్లకు,

నమస్కారం.

ఈ జూన్‌లో మీ దగ్గర ఎంపీసీలో చేరబోయే పిల్లల్లో కొద్దిమందికి ఆర్కిటెక్చర్ (బీఆర్క్) చదవాలని ఉంటుంది. సెక్షన్‌కి ఒకరో ఇద్దరో ఉంటారు, కొన్ని సెక్షన్లలో ఎవరూ ఉండకపోవచ్చు. అంత కొద్దిమంది కోసం మీరు టైంటేబుల్ మార్చరని తెలుసు, మార్చమని అడగడం లేదు కూడా. వాళ్ల స్కెచ్ బుక్ లాక్కోవద్దని, వారానికి రెండు గంటలు బొమ్మలు వేసుకోనివ్వమని, మీ ఆఫీసులో అప్లికేషన్లు నింపేటప్పుడు ఇంకో గడిలో కూడా టిక్కు పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను విజయవాడలో చిన్న ఆఫీసు పెట్టుకుని ఇళ్లు, స్కూళ్లు, ఒకటీ అరా కల్యాణ మండపాలు డిజైన్ చేస్తూ బతుకుతున్న ఆర్కిటెక్టుని. ఇంటర్ పరీక్షలు అయిపోగానే తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తుంటారు. "మా అమ్మాయి బీఆర్క్ అంటోందండీ, ఒకసారి తన బొమ్మలు చూడండి" అని ఫైలు ముందు పెడతారు. ఫైలు బాగానే ఉంటుంది. ఆరో తరగతిలో వేసిన వినాయకుడు, ఎనిమిదిలో బహుమతి వచ్చిన పోస్టర్, తొమ్మిదిలో అమ్మమ్మ ముఖం. టెన్త్ సెలవుల్లో వేసిన బొమ్మ దగ్గర ఫైలు ఆగిపోతుంది. తర్వాతి రెండేళ్లకి ఒక్క కాగితం కూడా ఉండదు. ఏమైందని అడిగితే తండ్రే చెబుతాడు, "ఇంటర్లో టైం ఎక్కడుంటుందండీ" అని. పదహారు, పదిహేడేళ్ల వయసులో చూపు, చేయి రెండూ వేగంగా ఎదుగుతాయి. సరిగ్గా ఆ రెండేళ్లే ఖాళీ.

బీఆర్క్ సీటు ఎలా వస్తుందో మీ కాలేజీల్లో చాలామంది డీన్లకి తెలియదు. ఇది నింద కాదు, మీ లెక్కలన్నీ ఇంజనీరింగ్ ర్యాంకుల చుట్టూ తిరుగుతాయి కాబట్టి తెలుసుకునే అవసరం రాలేదు. ఎప్‌సెట్‌లో ఎంత గొప్ప ర్యాంకు వచ్చినా దానితో ఆర్కిటెక్చర్ సీటు రాదు. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో చేరాలనుకునేవాళ్లు మామూలుగా కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ పెట్టే నాటా అనే ప్రవేశ పరీక్ష రాస్తారు. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, రెండు రాష్ట్రాల్లోని ప్రైవేటు కాలేజీలు ఈ దారిలో వస్తాయి. మన పక్కనే ఉన్న విజయవాడ ఎస్పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) గానీ, ఢిల్లీ, భోపాల్ ఎస్పీఏల్లో గానీ, తిరుచ్చి, కాలికట్ లాంటి ఎన్ఐటీల్లో గానీ చేరాలంటే జేఈఈ మెయిన్‌లో బీఆర్క్ కోసం పెట్టే పేపర్ 2ఏ రాయాలి. అక్కడ నాటా స్కోరు చెల్లదు. ఖరగ్‌పూర్, రూర్కీ, వారణాసి ఐఐటీల్లో కావాలంటే జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కిన తర్వాత ఏఏటీ (ఆర్కిటెక్చర్ ఆప్టిట్యూడ్ టెస్ట్) అని విడిగా ఇంకో పరీక్ష ఉంటుంది. ఈ పరీక్షల్లో ఏది రాసినా ఎక్కడో ఒకచోట పెన్సిల్ పట్టుకోక తప్పదు.

ఇప్పుడు ఆ టిక్కు సంగతి. జేఈఈ మెయిన్ అప్లికేషన్లు చాలా కాలేజీల్లో పిల్లలు నింపరు. సెకండియర్‌లో దసరా, దీపావళి దాటాక ఆఫీసులో ఒక కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుని, ఫొటోలు, సంతకాలు స్కాన్ చేసుకుని, వందల ఫారాలు వరసపెట్టి కొట్టేస్తారు. అందరికీ ఇంజనీరింగ్ కోసం ఉన్న పేపర్ 1 మాత్రమే టిక్కు పెడతారు. పేపర్ 2ఏ కూడా రాయాలంటే అదే ఫారంలో అదనంగా ఎంచుకోవాలి, కాస్త ఎక్కువ ఫీజు కట్టాలి. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. హాల్ టికెట్ చేతికొచ్చాక పిల్లకి తెలుస్తుంది. జనవరి సెషన్ పోయినట్టే. ఏప్రిల్ సెషన్ ఉందిగా అంటారు. ఉంది, కానీ రెండుసార్లు రాసి మంచి స్కోరు నిలబెట్టుకునే అవకాశం మిగతా పిల్లలందరికీ ఉన్నప్పుడు ఈ ఒక్క పిల్లకి ఎందుకు ఉండకూడదు? నా దగ్గరికి వచ్చే కుటుంబాల నోట ఈ కథ విని విని విసుగొచ్చింది. ఎవరి మీదా కోపంతో చేసిన పని కాదని తెలుసు. కానీ ఫారాలు నింపే రోజుకి ముందు క్లాసుల్లోకి వెళ్లి "ఆర్కిటెక్చర్ రాసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని ఒక్కసారి అడగడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంకో అలవాటు కూడా ఉంది. "ఆర్కిటెక్చర్ ఎందుకమ్మా, సివిల్ తీసుకో, అందులో అంతా వస్తుంది" అని పిల్లల మనసు మార్చేస్తారు. అందులో అంతా రాదు. సివిల్ నాలుగేళ్లు, బీఆర్క్ ఐదేళ్లు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవాళ్లే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలి. నేను రోజూ సివిల్ ఇంజనీర్లతోనే పని చేస్తాను, వాళ్లు లేకపోతే నా బిల్డింగులు నిలబడవు. అయినా రెండూ వేరు వేరు చదువులు.

బొమ్మల విషయానికొస్తే, మీరు ఒక మాట అనవచ్చు: "ఇంటర్ పరీక్షలు అయ్యాక నెల రోజులు క్రాష్ కోర్సులో వేస్తే సరిపోతుంది కదా?" కరోనా తర్వాత కొన్నేళ్లు నాటా అంతా కంప్యూటర్ మీదే జరిగింది, చేత్తో వేసే బొమ్మ లేదు. అప్పుడైతే మీ మాటకి కొంత బలం ఉండేది. 2024లో డ్రాయింగ్ తిరిగొచ్చింది. మొత్తం 200 మార్కుల్లో 80 మార్కులు కాగితం మీదే. గంటన్నర టైం, మూడు పనులు. ఒకటి రంగులతో కంపోజిషన్, ఒకటి నలుపు తెలుపుల్లో స్కెచ్, ఇంకొకటి వాళ్లిచ్చే కిట్‌లోని ముక్కలతో త్రీడీ కంపోజిషన్. జేఈఈ పేపర్ 2ఏలో 400 మార్కులకి డ్రాయింగ్ 100. ప్రశ్నలు రెండే.

నెల రోజుల్లో ఏం నేర్పగలరో నాకు తెలుసు, ఎందుకంటే ఫలితం నా టేబుల్ మీదకి వస్తుంది. బస్టాప్ అనగానే ఒకే బస్టాప్. ఎడమ పక్క చెట్టు, కుడి పక్క కరెంటు స్తంభం, మధ్యలో గొడుగు పట్టుకున్న మనిషి, వీపు మనవైపు. ముఖం వేయడం రాదు కాబట్టి వీపు. గుంటూరులో నేర్చుకున్న పిల్లాడూ, వరంగల్‌లో నేర్చుకున్న పిల్లా అదే వీపు వేస్తారు. ప్రశ్న కొంచెం పక్కకి తిరిగి "వర్షం వెలిసిన తర్వాత రైతుబజారును, కూరగాయలమ్మే ఆవిడ కూర్చున్న చోటు నుంచి చూస్తే ఎలా ఉంటుందో వేయండి" అంటే చేయి ఆగిపోతుంది. ఎందుకంటే రైతుబజారులో కింద కూర్చుని ఎప్పుడూ చూడలేదు. కింద కూర్చుంటే మనుషుల కాళ్లే ఎక్కువ కనిపిస్తాయి, సంచులు కళ్లకి ఎదురుగా ఊగుతాయి, షెడ్డు రేకు నెత్తి మీద చాలా ఎత్తులో ఉంటుంది. ఇది ఎవరూ బోర్డు మీద చెప్పలేరు. కూర్చుని వేస్తే తెలుస్తుంది. అలా కూర్చుని వేసిన కాగితాలు రెండేళ్లలో ఎన్ని పోగైతే అంత చూపు వస్తుంది.

"హాస్టల్లో ఉన్న పిల్ల ఎక్కడికెళ్లి కూర్చుంటుంది? మేం ఔట్‌పాస్‌లు ఇవ్వలేం" అని వార్డెన్ గారు అంటారు. నిజమే, ఇవ్వకండి. మీ హాస్టల్ చాలు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. మొదటి నెల చేయి సాధన చేయడానికి హాస్టల్ కంటే మంచి చోటు నాకు తోచడం లేదు. ఒక గదిలో ఆరు బంక్ కాట్లు ఎలా సర్దారో చూసి వేయాలి. తలుపు ఎటు తెరుచుకుంటుంది? పై మంచం మీద లేచి కూర్చుంటే ఫ్యాన్ తలకి ఎంత దూరంలో ఉంది? ట్రంకు పెట్టెలు మంచాల కింద పడితే చెప్పులు ఎక్కడికి పోయాయి? టేపు పెట్టి కొలవాలి. మెట్లు కొలవాలి. మామూలుగా మెట్టు వెడల్పు పది నుంచి పన్నెండు అంగుళాలు, ఎత్తు ఆరేడు అంగుళాలు ఉంటుంది. మీ బిల్డింగులో ఒక మెట్టు మిగతావాటి కంటే ఎత్తుగా ఉండి, రోజూ ఎవరో ఒకరు అక్కడ తూలుతుంటే, ఆ మెట్టు ఎక్కడుందో పిల్ల కనిపెట్టి వేస్తే, అది ఏ కోచింగ్ సెంటరూ ఇవ్వలేని పాఠం. పొడుగు వరండాలో నిలబడి వేస్తే పర్‌స్పెక్టివ్ వస్తుంది. మెస్‌లో స్టీలు కంచాల దొంతర వేస్తే వెలుగు, నీడ వస్తాయి. ఉదయం ఐదింటికి కుళాయిల దగ్గర బకెట్ల క్యూ వేస్తే మనుషులు వస్తారు, వాళ్ల ముఖాలతో సహా. సాయంత్రం స్టడీ హాల్లో ఏ వరసకి కిటికీ వెలుతురు అందుతుందో, ఏ వరస పిల్లలు ట్యూబ్ లైట్ నీడలో కూర్చుంటున్నారో ప్లాన్ వేసి రంగు పెన్సిల్‌తో గుర్తిస్తే అది అచ్చంగా ఆర్కిటెక్ట్ పని. (యాజమాన్యాలకి ఒక మాట: అలాంటి ప్లాన్ మీకూ ఉపయోగమే. కాస్త సిగ్గుగా అనిపించినా చూడండి.)

విదేశాలకి అప్లై చేసే పిల్లలకి ఈ కాగితాలే పోర్ట్‌ఫోలియో, అంటే తాము చేసిన పనిని ఒకచోట పేర్చి చూపించే ఫైలు. మన దగ్గర బీఆర్క్‌లో చేరడానికి పోర్ట్‌ఫోలియో అడగరు, పరీక్షే. కానీ ఇంగ్లండ్, అమెరికా వైపు చూసే మన పిల్లలు ఏటా కొందరు ఉంటారు. అక్కడ చాలా కాలేజీలు ఆర్కిటెక్చర్‌కి పోర్ట్‌ఫోలియో అడుగుతాయి. ఎక్కువగా పది నుంచి ఇరవై పేజీల పీడీఎఫ్. తల్లిదండ్రులు అనుకునేది వేరు: ఇంటి ప్లాన్లు, ఎలివేషన్లు, కంప్యూటర్లో తళతళలాడే త్రీడీ బొమ్మలు ఉండాలని. వాళ్లు అవి అడగరు. ఇంకా చదవని చదువుని ముందే చూపించమని ఎవరూ అనరు. చూసి వేసిన బొమ్మలు, చేత్తో చేసిన మోడళ్లు, ఫొటోలు, మట్టి పని, కుట్టు పని ఏదైనా సరే, ఒక ఆలోచన ఎలా మొదలై ఎలా మారిందో కనిపించాలి. చెరిపేసిన గీతలు, పనికిరాలేదని కొట్టేసి పక్కన రాసుకున్న మాటలు కూడా పనికొస్తాయి. హాస్టల్ గదిని మొదట ఉన్నది ఉన్నట్టు వేసి, తర్వాత అవే ఆరు మంచాలతో ఇంకో రెండు రకాలుగా సర్ది చూపించిన నాలుగు పేజీలు, కాపీ కొట్టిన ఈఫిల్ టవర్ కంటే ఎన్నో రెట్లు నయం.

గడువులు కూడా మీ క్యాలెండర్‌తో గొడవపడతాయి. కేంబ్రిడ్జ్‌లో ఆర్కిటెక్చర్‌కి అప్లికేషన్ అక్టోబర్ 15 లోపు వెళ్లాలి. ఇంగ్లండ్‌లోని మిగతా యూనివర్సిటీలకి ముఖ్యమైన గడువు జనవరిలో ఉంటుంది, అమెరికాలో చాలావాటికి కొత్త సంవత్సరం అటూ ఇటూ. అంటే సెకండియర్ పిల్ల ప్రీ ఫైనల్స్ రాస్తున్న రోజుల్లోనే ఈ పనులన్నీ అయిపోవాలి. ఫస్టియర్‌లో కాగితాలు పోగేసుకోకపోతే అప్పుడు కూర్చుని తయారు చేయడం అసాధ్యం. అక్కడే అసలు చిక్కు వస్తుంది. అసాధ్యమైన పనిని డబ్బు తీసుకుని చేసిపెట్టేవాళ్లు ఉంటారు. రెడీమేడ్ పోర్ట్‌ఫోలియోలు నేను చూశాను. ఒకే చేతితో వేసిన బొమ్మలు, పైన పేర్లు వేరు. ఇప్పుడు ఏఐతో చేయించిన బొమ్మలు కూడా మొదలయ్యాయి. ఇంటర్వ్యూలో "ఈ కిటికీ ఇక్కడే ఎందుకు పెట్టావు?" అని అడిగితే ఆ పిల్లాడు ఏం చెబుతాడు? వాడిని ఆ స్థితికి తెచ్చిన పెద్దల్లో మీరూ ఉన్నారని చెప్పక తప్పడం లేదు, రెండేళ్లు పెన్సిల్ ముట్టనివ్వలేదు కాబట్టి.

రికమెండేషన్ లెటర్ల గురించి కూడా చెప్పాలి. విదేశీ కాలేజీలు ఆ పిల్లని ఎరిగిన లెక్చరర్ రాసిన ఉత్తరం అడుగుతాయి, చివరి పరీక్షల్లో ఎన్ని మార్కులు రావచ్చో అంచనా కూడా అడుగుతాయి. మన కాలేజీ ఆఫీసులు ఇచ్చేది బోనఫైడ్ సర్టిఫికెట్. లేదా ఒకే మూసలో టైపు చేసి, పేరు మార్చి, స్టాంపు వేసిన నాలుగు వాక్యాలు: క్రమశిక్షణ గల విద్యార్థి, ప్రవర్తన సంతృప్తికరం. ఒకే కాలేజీ నుంచి వెళ్లిన రెండు అప్లికేషన్లలో అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉత్తరం ఉంటే అవతల చదివేవాళ్లు ఏమనుకుంటారు? మీ ఫిజిక్స్ సార్‌కి ఆ పిల్ల బాగా తెలుసు. కిరణ చిత్రాలు మిగతావాళ్ల కంటే శుభ్రంగా వేస్తుందని, అర్థం కాకపోతే బొమ్మ వేసి చూపించి మరీ అడుగుతుందని ఆయనకి తెలుసు. ఆ మాటలే తెలుగులో చెప్పమనండి, ఇంగ్లిషులోకి మార్చడానికి మీ ఇంగ్లిష్ మేడమ్ ఉన్నారు. ఒక అరగంట పని.

"మార్కులు పడిపోతే?" ఇదే మీ పెద్ద భయం, తల్లిదండ్రులదీ అదే. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో బీఆర్క్ మెరిట్ లెక్కేసేటప్పుడు నాటాకి సగం, ఇంటర్ మార్కులకి సగం విలువ ఇస్తారు. కాబట్టి లెక్కలు వదిలేసి బొమ్మలు వేసుకోమని నేనూ చెప్పను, ఏ ఆర్కిటెక్టూ చెప్పడు. బొమ్మలు వేసే పిల్లకి మీ మాథ్స్ సార్ ఎంత ముఖ్యమో ఆ రెండు గంటలూ అంతే ముఖ్యం. అవి ఎక్కడ దొరుకుతాయంటారా? ఐఐటీ బ్యాచ్ కోసం పెట్టే అదనపు టెస్టుని ఐఐటీ రాయని ఈ పిల్లతో కూడా రాయిస్తున్నారు. ఆ టైం వదిలేయండి చాలు.

ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారన్న మాట కూడా విన్నాను. అడగనివ్వండి. ఇంజనీరింగ్‌కి వెళ్లినవాళ్లకి మొదటి సంవత్సరంలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ వస్తుంది. ఐసోమెట్రిక్ అంటే ఏమిటో తెలియక అందులో తన్నుకునేవాళ్లు తక్కువమందేం కాదు.

ఆదివారం ఔటింగ్ ఉన్న కాలేజీలకి ఒక విన్నపం. పిల్లలు మాల్‌కి పోతే పోనివ్వండి, కానీ ఆర్కిటెక్చర్ కావాలన్న పిల్లల్ని లెక్చరర్ తోడుగా ఒక పూట ఇంకోచోటికి పంపండి. విజయవాడ వాళ్లకి కృష్ణ అవతల ఉండవల్లి గుహలు ఉన్నాయి, కొండని నాలుగు అంతస్తులుగా తొలిచారు. వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ ఉంది. వరంగల్ పిల్లలకి రామప్ప గుడి మరీ దూరం కాదు. 2021లో యునెస్కో గుర్తించిందని జీకే కోసం బట్టీ పట్టేవాళ్లకి, గోపురానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు ఎందుకు వాడి ఉంటారో అక్కడ నిలబడితే ఆలోచన వస్తుంది. గోదావరి జిల్లాల వాళ్ల ఊళ్లలో ఇంకా అక్కడక్కడా మండువా లోగిళ్లు మిగిలాయి, నడిమధ్య ఆకాశం కనిపించే ఇళ్లు. అవి కూల్చేలోపు వేసుకోమనండి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ చుట్టుపక్కల ఎన్ని ఇంటర్ కాలేజీలు ఉన్నాయో లెక్కలేదు. ఆ ఈసీఐఎల్ ఆఫీసు భవనాన్ని 1960లలో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా డిజైన్ చేశారనీ, ఉద్యోగుల టౌన్‌షిప్‌ని మరో ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి డిజైన్ చేశారనీ అక్కడి పిల్లల్లో ఎంతమందికి తెలుసు? దోషికి 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, ఆర్కిటెక్చర్‌లో అంతకంటే పెద్దది లేదు. అలాంటి ఇద్దరి పని రోజూ బస్సు దిగే చోట పెట్టుకుని, పిల్లలు కోచింగ్ పుస్తకంలో సిడ్నీ ఒపేరా హౌస్ ఫొటో చూసి బొమ్మ వేస్తున్నారు.

ప్రభుత్వ జూనియర్ కాలేజీల, గురుకులాల ప్రిన్సిపాళ్లు ఇది కార్పొరేట్ కాలేజీల గోల అనుకోకండి. స్కెచ్ బుక్, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్లు, ఒక రంగు పెన్సిళ్ల డబ్బా ఉంటే మొదలుపెట్టొచ్చు. జేఈఈ డ్రాయింగ్‌కి కూడా జామెట్రీ బాక్సు, రంగు పెన్సిళ్లు లేదా క్రేయాన్లు చాలు, వాటర్ కలర్స్ తేవద్దంటారు. మీ దగ్గర చెట్లు, ఖాళీ స్థలం, పాత బిల్డింగులు ఉన్నాయి. అపార్ట్‌మెంట్‌లో కాలేజీ నడుపుతున్నవాళ్లకి లేని వసతి అది. నాటా ఫీజు కట్టలేని పిల్లలు మీ దగ్గరే ఎక్కువ ఉంటారు, ఆ సంగతి ముందే కనుక్కుంటే ఊళ్లో ఎవరో ఒకరు ముందుకొస్తారు.

వార్డెన్ గారికి విడిగా ఒక మాట. స్టడీ అవర్‌లో బొమ్మలు వేస్తే మందలించండి, మీ డ్యూటీ అది. పుస్తకం లాక్కున్నా ఆ రోజు సాయంత్రానికి తిరిగి ఇచ్చేయండి. చింపకండి. అది చిత్తు పుస్తకంలా కనిపిస్తుంది గానీ కొందరికి అది అప్లికేషన్‌తో పాటు స్కాన్ చేసి పంపే కాగితం. ప్రతి పేజీ మూల తేదీ వేసుకోమని కూడా మీరే చెప్పండి, తర్వాత వరస పెట్టుకోవడానికి పనికొస్తుంది.

ఈ జూన్‌లో ఓరియెంటేషన్ రోజు అన్ని ఎంపీసీ సెక్షన్లలో ఆర్కిటెక్చర్ పేరు ఒకసారి ఎత్తండి. చేతులెత్తిన పిల్లల పేర్లు రాసుకుని, అప్లికేషన్లు నింపే గుమాస్తాకి ఒక కాపీ ఇవ్వండి. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీలకి నేనూ, నాతో పాటు ఇంకొందరు ఆర్కిటెక్టులూ శనివారం సాయంత్రాలు వచ్చి రెండు గంటలు కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాం. ఫీజు వద్దు, పాంప్లెట్‌లో మా ఫొటోలూ వద్దు. పిల్లల కాగితం మీద మేం గీత గీయం, పక్కన కూర్చుని అడుగుతాం, అంతే. ఏసీ గది కూడా అక్కర్లేదు. మొదటి వారం మీ మెట్ల దగ్గరే కూర్చుని మెట్లే వేయిస్తాం. ఆ రెండు గంటలూ మిగతా పిల్లల్ని వేరే మెట్ల మీదుగా పంపితే చాలు.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక ఆర్కిటెక్ట్